ఆటలో లేని దూడ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘పిల్లలు – సాంకేతికత’ అనే అంశం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను కాబట్టి కృత్రిమ మేధ గురించో, కోడింగ్ గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. నేను ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. ఫోన్లలో పిల్లలు ఆడుతున్న వ్యవసాయపు ఆటలు. కోళ్ళు, ఆవులు, గొర్రెలు పెంచే ఆటలు. వీటిని పెట్టుకుని చిన్న తరగతుల పిల్లలకు జంతువుల పాఠం చెప్పవచ్చా? చెప్పవచ్చని నా నమ్మకం. ఆ ఆటల్లో ఏముందో చూపించి కొంత చెప్పవచ్చు. ఏం లేదో పిల్లల చేతే వెతికించి ఇంకా ఎక్కువ చెప్పవచ్చు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో మాటలోనే ఉంది.

ఈ ఆటల సంగతి తెలియని పెద్దల కోసం ముందుగా నాలుగు మాటలు. 1996లో జపానులో ‘హార్వెస్ట్ మూన్’ అనే ఆట వచ్చింది. పొలం దున్నడం, పశువుల్ని సాకడం అందులో పని. దాన్ని రూపొందించిన యసుహిరో వాడా పల్లె ప్రాంతం నుంచి టోక్యోకు వచ్చి స్థిరపడిన మనిషి. వదిలి వచ్చిన ఊరి జీవితమే ఆ ఆటకు మూలం. మనలో చాలామందికి ఆయన మనసు అర్థమవుతుంది. 2009 జూన్‌లో అమెరికాకు చెందిన జింగా సంస్థ ఫేస్‌బుక్‌లో ‘ఫార్మ్‌విల్’ తెచ్చింది. ఆఫీసు వేళల్లో దొంగచాటుగా టమాటాలు కోసినవాళ్ళు ఈ సభలో కొందరు ఉండే ఉంటారు, చేతులెత్తమని అడగను. ఫ్లాష్ అనే సాంకేతికతకు కాలం చెల్లడంతో 2020 డిసెంబరు 31న ఆ ఆట మూతపడింది. ఈలోగా 2012లో ఫిన్లాండ్‌కు చెందిన సూపర్‌సెల్ సంస్థ ‘హే డే’ అనే ఆటను విడుదల చేసింది. ఇప్పటి పిల్లలకు బాగా తెలిసినది ఇదే కాబట్టి నా ఉదాహరణలు ఎక్కువగా దీనిలోంచే ఇస్తాను.

ఈ ఆట నడిచే తీరు చెబుతాను. పొలంలో గోధుమ, మొక్కజొన్న, సోయా వేయాలి. పండినదాన్ని దాణా మిల్లులో పోయాలి. కోడి దాణాకు రెండు గోధుమలు, ఒక మొక్కజొన్న కావాలి. ఆవు దాణాకు రెండు సోయా, ఒక మొక్కజొన్న. దాణా పెట్టిన 20 నిమిషాలకు కోడి గుడ్డు పెడుతుంది. గంటకు ఆవు పాలిస్తుంది. 6 గంటలకు గొర్రె ఉన్ని ఇస్తుంది. 8 గంటలకు మేక పాలిస్తుంది. మేత పెట్టకపోతే ఏదీ ఏమీ ఇవ్వదు.

దీన్ని తీసిపారేయకండి. పాలు ప్యాకెట్లోంచి వస్తాయనుకునే ఆరేళ్ళ పిల్లకు, పాల వెనుక ఆవు, ఆవు వెనుక దాణా, దాణా వెనుక పొలం ఉన్నాయని ఈ ఆట చెబుతోంది. ఒక్కో జంతువు తిండి ఒక్కో రకమని చెబుతోంది. ఎవరో ఒకరు వేళకు మేత వేయకపోతే ఏమీ రాదని చెబుతోంది. ఇంత గొలుసును బొమ్మల పుస్తకంలో చూపించాలంటే చాలా పేజీలు పడుతుంది. అదీగాక, ఆటలో పిల్ల తన చేత్తో చేస్తుంది. చేత్తో చేసినది గుర్తుంటుంది.

ఇక నా వృత్తి సంగతి. మేము ఏదైనా పెద్దది కట్టేముందు కంప్యూటర్లో దాని నమూనా తయారుచేస్తాం. నమూనా అంటే అసలుదానిలో మనకు కావలసినంత ఉంచుకుని, మిగతాది వదిలేయడం. వంతెన ఎంత బరువు మోస్తుందో లెక్కించే నమూనాలో వంతెన రంగు ఉండదు. అక్కర్లేదు కాబట్టి వదిలేస్తాం. అయితే గాలి తాకిడిని కూడా వదిలేసి, ఆ సంగతి మరిచిపోతే ప్రమాదం. అందుకే కొత్తగా చేరిన ఇంజనీర్లు నమూనా తెచ్చి చూపించినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: “ఇందులో ఏం వదిలేశావు?” వ్యవసాయపు ఆట కూడా ఒక నమూనాయే. దాన్ని తయారుచేసినవాళ్ళు ఆడేవాళ్ళకు విసుగు రాకుండా, దుఃఖం కలగకుండా ఉండడానికి కొన్ని వదిలేశారు. అది వాళ్ళ తప్పు కాదు. వదిలేసినవి ఏమిటో పిల్లలకు చెప్పకపోతే మాత్రం అది మన లోపమే అవుతుంది.

ఏం వదిలేశారో వరసగా చూద్దాం.

మొదటిది కాలం. ఆటలో గుడ్డు 20 నిమిషాల్లో వస్తుంది. అసలు కోడి కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. అందులో పైపెంకు కట్టడానికే సుమారు 20 గంటలు. ఆటలో 20 నిమిషాలు, పెంకుకు 20 గంటలు. రెండు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, పిల్లలు కోడి వైపు కొత్తగా చూస్తారు. పొదిగేసిన గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. మేక కట్టి ఈనడానికి 5 నెలలు. ఆవుకు 9 నెలల పైచిలుకు, గేదెకు 10 నెలలు. పుట్టిన పెయ్యదూడ పెరిగి, ఎదకు వచ్చి, తొలిచూలు ఈనేసరికి గేదె అయితే మూడున్నర, నాలుగేళ్ళు. అంటే ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఊళ్ళో ఇవాళే పుట్టిన పెయ్యను చూస్తే, దాని పాలు తాగేనాటికి ఆ పిల్ల నాలుగో తరగతి దాటుతుంది. ఆ లెక్క పిల్లల చేతే కట్టించండి. ఓపిక అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

రెండోది, అన్నిటికంటే పెద్దది, దూడ. హే డేలో ఆవు ఈనదు. దూడ లేదు. మేత వేస్తే పాలు వస్తాయి, అంతే. ఇది చూసిన పిల్లకు పాలు ఆవు తిన్న దాణా నుంచి నేరుగా తయారయ్యే సరుకని అనిపిస్తుంది. పాలు ఆవు తన బిడ్డ కోసం ఇస్తుందన్న మాట ఆటలో ఎక్కడా లేదు. మా అన్నయ్య మనవరాలు హైదరాబాదులో ఒకటో తరగతి చదువుతోంది. మొన్న సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు పక్కింటి చావిట్లో పాలు తీస్తుంటే చూడడానికి వెళ్ళింది. దూడను విడిచారు. అది కాసేపు కుడిచింది. గేదె చేపగానే దూడను లాగి గుంజకు కట్టేశారు. పిల్ల నా చెయ్యి పట్టుకుని, “తాతయ్యా, మా ఆటలో ఆవుకి పిల్ల లేదు. ఇక్కడ ఉంది. దాని పాలు మనం తీసేసుకుంటున్నామా?” అంది. పాలు తీస్తున్న ఆవిడ తల తిప్పకుండానే, “రెండు చన్నులు దానికమ్మా, రెండు మనకి” అంది. ఆ ఒక్క మాటలో పాడి ధర్మం మొత్తం ఉంది. నేను ఏ పాఠం చెప్పినా అంత బాగా వచ్చేది కాదు. ఆ ప్రశ్న రావడానికి ఆట ఉపయోగపడింది. ఆటలో ఆవును చూసింది కాబట్టే తేడా పట్టుకుంది.

దూడ సంగతి వస్తే మిగతావీ వస్తాయి. ఈనిన కొత్తలో వచ్చే ముర్రుపాలు దూడకు ఎందుకు తాగించాలి, మిగిలినవాటితో జున్ను ఎలా చేస్తారు, చూడి గేదె నెలలు నిండేముందు ఎందుకు వట్టిపోతుంది, కోడెదూడ పుడితే ఇంటివాళ్ళు ఏం చేస్తారు. ఈ చివరి ప్రశ్న కష్టమైనది. ట్రాక్టర్లు రాకముందు కోడె అంటే అరకకు ఆధారం. ఇప్పుడు దానికి పని లేదు. ఒకటో తరగతిలో ఈ మాట ఎత్తక్కర్లేదు గాని, ఐదో తరగతి పిల్లలు అడిగితే దాటవేయకూడదు.

మూడోది జబ్బు, చావు. ఆటలో జంతువుకు నీళ్ళు పెట్టక్కర్లేదు. పేడ ఉండదు, కాబట్టి ఎత్తక్కర్లేదు. వారం రోజులు మేత వేయకపోయినా చావదు. పందిని ఆవిరి గదిలోకి పంపితే చిక్కిపోయి బయటికి వస్తుంది, దాంతో మాంసం మన చేతికి వస్తుంది, పంది మాత్రం హాయిగా మళ్ళీ మేతకు వస్తుంది. చిన్నపిల్లలు బాధపడకూడదని అలా చేశారు. కానీ ఇంట్లో ఆదివారం కోడికూర తినే పిల్లకు ఆ కోడి మళ్ళీ లేచి రాదని తెలియాలి. భయపెట్టకుండా, కథలు అల్లకుండా చెప్పవచ్చు. మన ఊళ్ళలో పిల్లలకు ఇది ఎప్పుడూ తెలుసు. తెలిసినందువల్ల వాళ్ళు కఠినంగా తయారు కాలేదు. కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోతే ఏడ్చినవాళ్ళమే మనమంతా.

జబ్బుల విషయమూ అంతే. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశంలో, ముఖ్యంగా రాజస్థాన్, గుజరాత్‌లలో, చాలా పశువుల్ని బలి తీసుకుంది. గాలికుంటు రాకుండా టీకాలు వేయడానికి 2019లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. మన ఊరి పశువుల చెవులకు పసుపురంగు బిళ్ళలు చూసే ఉంటారు. వాటి మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో ఆ పశువు వివరాలు, వేసిన టీకాలు కంప్యూటర్లో నమోదవుతాయి. ఫోన్‌లో బొమ్మ ఆవును చూసిన పిల్లకు నిజమైన ఆవు కూడా కంప్యూటర్లో ఉందని, అయితే అది దాని ఆరోగ్యం కోసమని చెబితే ఎంత సంబరపడుతుందో చూడండి.

నాలుగోది మన నేల. హే డేలో పాలిచ్చేవి ఆవు, మేక. గేదె కనబడదు. మన ఇళ్ళలో పెరుగు తోడుపెట్టేది ఎక్కువగా గేదె పాలతో. ఆటలో ఆవుకు మూపురం లేదు. మన ఒంగోలు జాతికి మూపురమే అందం. ఇక్కడి నుంచి సముద్రాలు దాటి వెళ్ళిన ఆ జాతి సంతతే బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో లక్షల మందలుగా పెరిగింది. చిత్తూరు వైపు పుంగనూరు ఆవు సుమారు 3 అడుగుల ఎత్తే ఉంటుంది. ఆటలో గొర్రె అంటే ఉన్ని. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకలే. తెలంగాణ వైపు దక్కనీ గొర్రె ముతక ఉన్నితో గొంగడి నేస్తారు. ఎక్కడో చలిదేశంలో తయారైన ఆట కాబట్టి అక్కడి జంతువులు ఉన్నాయి. మన పిల్లలు ఆ బొమ్మను, మన ఊరి పశువును పక్కపక్కన పెట్టి తేడాలు చెప్పగలగాలి. అది నిఖార్సైన సైన్సు పాఠం. పరిశీలన అంటే అదే.

మన నేలతో పాటు మన మాటలు కూడా పోతున్నాయి. ఆటలో ‘కౌ’ అనే ఒక్క మాట ఉంది. మన భాషలో ఎన్ని ఉన్నాయో చూడండి. దూడ, పెయ్య, పడ్డ, కోడె, గిత్త, ఎద్దు, ఆంబోతు. చూడిది, పాడిది, వట్టిపోయినది. తొలిచూలుది, మలిచూలుది. ఒక్కో మాట పశువు జీవితంలో ఒక్కో దశ. ఆట వదిలేసిన కాలాన్ని ఈ మాటలు దాచి ఉంచాయి. చూడి అనే మాట తెలిసిన పిల్లకు ఆవు ఈనుతుందని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఉపాధ్యాయ మిత్రులకు ఒక ఆచరణీయమైన పద్ధతి చెబుతాను. ప్రతి పిల్లకూ ఒక ఫోను, ట్యాబ్ అక్కర్లేదు. ఉపాధ్యాయుడి దగ్గర ఒకటి ఉండి, తరగతి గదిలోని పెద్ద తెర మీద కనబడితే చాలు. మొదటిరోజు 15 నిమిషాలు అందరూ కలిసి ఆట చూస్తారు. దేనికి ఏ మేత, ఎంతసేపటికి ఏం వచ్చింది అని నోట్‌బుక్‌లో ఎడమవైపు రాసుకుంటారు. కుడివైపు ఖాళీగా వదిలేస్తారు. ఇంటికి వెళ్ళి అమ్మనో, నానమ్మనో, పాలుపోసే ఆవిడనో అడిగి కుడివైపు నింపుకొస్తారు. రెండోరోజు రెండు వైపులా చదివిస్తారు. మూడోరోజు ఊళ్ళో ఒక చావిడికి తీసుకెళ్తారు. అక్కడ పిల్లలు చూడవలసినవి మూడు: అది తింటున్నప్పుడు నోరు ఎలా కదులుతోంది, పడుకుని నెమరువేస్తున్నప్పుడు ఎలా కదులుతోంది, దూడ దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేస్తోంది. ఆవు రోజులో దాదాపు 8 గంటలు నెమరు వేస్తుందని, దాని పొట్టలో నాలుగు అరలున్నాయని అప్పుడు చెబితే తలకెక్కుతుంది. వీలైతే పొదిగేసిన కోడి ఉన్న ఇల్లు చూసి, తరగతి గోడ మీద 21 గళ్ళు గీసి రోజుకొకటి కొట్టివేయించండి. చావిడికి వెళ్ళి వచ్చాక చేతులు సబ్బుతో కడిగించడం మరవకండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఈ ఆటలు ఉచితమే గాని, వాటి వెనుక వ్యాపారం ఉంది. 20 నిమిషాలు, గంట, 6 గంటలు అనే ఈ గడువులు పిల్లను పదేపదే ఫోన్ దగ్గరికి రప్పించడానికి కూడా పనికొస్తాయి. ఆగలేకపోతే వజ్రాలు ఖర్చు పెట్టి పని త్వరగా ముగించవచ్చు. ఆ వజ్రాలు అయిపోతే అసలు డబ్బుతో కొనమంటుంది. ఓపిక నేర్పవలసిన చోటే ఓపిక లేకపోవడాన్ని అమ్ముకుంటారు. కాబట్టి ఫోన్‌లో కొనుగోళ్ళు తాళం వేసి ఉంచండి, గంటల మోతలు ఆపివేయండి. ఖాతా పెద్దవాళ్ళదే ఉండాలి. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంతకంటే చిన్నవాళ్ళకు అసలు వద్దంది. పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి మనం పక్కగదిలోకి వెళ్తే అది పాఠం అనిపించుకోదు. పక్కన కూర్చుని, “దీని దూడ ఏదమ్మా?” అని అడిగితే పాఠం మొదలవుతుంది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. ఇలాంటి సభల్లో వేదిక మీద కూర్చునేది సాధారణంగా ఊరు విడిచి వెళ్ళిన మాలాంటివాళ్ళం. మైకు మాకిస్తారు, శాలువా మాకు కప్పుతారు. కానీ ఇవాళ నేను మాట్లాడిన విషయంలో నాకంటే వందరెట్లు తెలిసినవాళ్ళు మన తరగతుల్లోనే చదివి ఊళ్ళో ఉండిపోయారు. పదో తరగతితో చదువు ఆపి పాడి చేసుకుంటున్న మన స్నేహితులు ఉన్నారు. చీకటితో లేచి పాలు తీసి, కేంద్రంలో పోసి, అదే డబ్బుతో పిల్లల్ని చదివించిన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. గేదె చెవులు వాల్చిన తీరు చూసి దానికి జ్వరమని చెప్పగల చదువు వాళ్ళది. ఆ చదువుకు మనం ఏ పట్టా ఇవ్వలేదు. పిల్లలు ఫోన్‌లో ఆటలు ఆడి, వెనుక తరం ఊరు వదిలేస్తే, ఆ చదువు అడిగేవాళ్ళు లేక ఈ తరంతోనే ఆగిపోతుంది.

స్వర్ణోత్సవ నిధిలోంచి కంప్యూటర్లు కొనాలని కార్యవర్గం నిర్ణయించింది. సంతోషం. నా వంతు నేనూ ఇస్తాను. దానితో పాటు ఏడాదికి నాలుగుసార్లు ఊళ్ళో ఉన్న మన పూర్వ విద్యార్థుల్ని చిన్న తరగతులకు అతిథి ఉపాధ్యాయులుగా పిలుద్దాం. ఒకరు దాణా, మేత గురించి, ఒకరు ఈత, దూడల గురించి, ఒకరు కోళ్ళ గురించి చెబుతారు. పశువైద్య సిబ్బంది వచ్చి టీకాల గురించి చెబుతారు. పిల్లలు అడుగుతారు, వాళ్ళు జవాబు చెబుతారు. వాళ్ళు వాడిన మాటలన్నీ పిల్లలు ఒక పుస్తకంలో రాస్తారు. ఐదేళ్ళు ఇలా చేస్తే మన బడికి సొంత పశువుల నిఘంటువు తయారవుతుంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది, మాట ఇస్తున్నాను.

మొదటి అతిథి ఉపాధ్యాయురాలి పేరు కూడా కార్యదర్శి గారికి రాసిచ్చాను. ఆవిడ ఈ సభలోనే, వెనుక వరసలో ఉన్నారు. సాయంత్రం పాల వేళకు వెళ్ళిపోవాలని ముందే చెప్పారు కాబట్టి నా ప్రసంగం ఇంతటితో ముగిస్తున్నాను.